గుండ్లకమ్మ ఒడ్డున మునిగిన పేర్లు

గౌరవనీయులైన అధికారి గారికి,

మా ఊరి పాత చర్చిలోని బాప్తిస్మపు రిజిస్టర్ల గురించి ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

1876-78 కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగపల్లెల జనానికి కూలి చూపించారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. (ఇప్పటికీ ఆ మాట అనేవాళ్లు ఈ సంగతి మాత్రం ఎత్తరు.) ఆ తర్వాతే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ తరం వాళ్ల పేర్లున్న కాగితాలకు మా దగ్గర చెదలు పట్టాయి. మొన్న ఒక ముసలావిడ ముత్తాత పేరు చూపించమని వస్తే, సంఘపెద్ద తిప్పిన పేజీ అప్పడంలా విరిగింది. ఊరి పేరు మిగిలింది, మనిషి పేరు పోయింది. ఆమె ఆ ముక్కనే కొంగున ముడేసుకుని వెళ్లింది. పట్టాలూ దస్తావేజులూ లేని ఇళ్లకు అదొక్కటే రాతలో ఉన్న ఆధారం.

దయచేసి పాత పత్రాలు భద్రపరిచే నిపుణులను పంపండి. రిజిస్టర్లు స్కాన్ చేయించి, ఒక ప్రతిని జిల్లా గ్రంథాలయంలో ఉంచండి. పని ఎప్పుడు మొదలవుతుందో తుఫాన్ల కాలం రాకముందే రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
సంఘ సభ్యుడు,
ప్రకాశం జిల్లా