మా మిషను మళ్లీ తిరుగుతోంది, అందరికీ నమస్కారం

విజయవాడ సింగ్ నగర్‌లో మా ఇంటి ముందు గదిలో నేను పద్దెనిమిదేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. చీరలకు ఫాల్స్ వేసి పీకో కూడా చేస్తాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద మా ఇంట్లోకి వచ్చినప్పుడు ఆ గదిలో నూట ముప్పై దాకా జాకెట్లు ఉన్నాయి. శ్రావణమాసం చివరి రోజులు, ఆ వారమే వినాయక చవితి. కుట్టి సిద్ధంగా ఉన్నవి కొన్ని, కత్తిరించి పెట్టినవి కొన్ని, ఇంకా మూట విప్పనివి కొన్ని. రెండు మిషన్లు, ఇస్త్రీ పెట్టె, బల్ల సొరుగులో కొలతల పుస్తకం, అన్నీ మునిగిపోయాయి.

ఇప్పుడు ఆ గదిలో మళ్లీ మిషను తిరుగుతోంది. దీని వెనక ఎంతమంది చేతులు ఉన్నాయో రాయాలని రెండు నెలలుగా అనుకుంటున్నాను. ఫోను చేసిన చుట్టాలు, తెలిసినవాళ్లు అందరూ ఒకటే అడుగుతున్నారు: "మిమ్మల్ని ఆదుకున్నది జనమా, ప్రభుత్వమా?" అడిగే తీరులోనే ఏ జవాబు కావాలో తెలిసిపోతుంది. ప్రభుత్వం ఏమీ చేయలేదని నా నోట వినాలని కొందరికి, అంతా ప్రభుత్వమే చేసిందని వినాలని ఇంకొందరికి. నేను మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ ఆదివారం తెల్లవారేసరికి వీధిలో చీలమండల లోతు నీళ్లు. ముందురోజంతా కురిసిన వాన నీరే, తీసేస్తుందనుకున్నాం. గంట తిరిగేసరికి మోకాళ్ల దాకా వచ్చాయి. వెలగలేరు దిగువన బుడమేరు కట్టకు గండ్లు పడ్డాయని మాకు తరువాత తెలిసింది. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఆ వాగును విజయవాడ దుఃఖదాయిని అని ఎందుకంటారో 2005లో మా వీధి చూసింది, కానీ ఇంత నీరు అప్పుడూ లేదు. అవతల కృష్ణమ్మ కూడా పోటెత్తి ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. మా వీధికి మాత్రం ముందుగా ఏ కబురూ రాలేదు. వచ్చి ఉంటే ఆ జాకెట్ల మూటలైనా పైకి చేర్చేదాన్ని. అత్తయ్యను, మా అమ్మాయిని, రేషన్ కార్డు ఉన్న రేకు డబ్బాను మేడ మీదికి చేర్చి వెనక్కి వచ్చేసరికి బల్ల మునిగిపోయింది. మా ఆయన ఆటోకు సీటు దాకా నీళ్లు.

మొదటి నమస్కారం మా ఇంటివారికి. అద్దెకున్న మాకు, పక్క రెండు ఇళ్లవారికి కూడా తమ రెండు గదులూ తెరిచి పెట్టారు. పద్నాలుగు మందిమి వారం రోజులు అక్కడే ఉన్నాం. వాళ్ల నెలసరి బియ్యం మూడు రోజుల్లో అయిపోయాయి. ఒక్క మాట అనలేదు.

రెండోరోజు మధ్యాహ్నానికి తాగే నీళ్లు చివరికొచ్చాయి. చుట్టూ నీళ్లే, గొంతు తడుపుకోవడానికి చుక్క లేదు. అప్పుడు ఇద్దరు కుర్రవాళ్లు ఛాతీలోతు నీళ్లలో ఒక నీలం డ్రమ్మును తోసుకుంటూ వచ్చారు. దానిలో పులిహోర పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు. తాడు కట్టిన సంచీని కిందికి వదిలితే నింపి పంపారు. ఏ ఊరని అడిగితే, తాము వేరే వీధివాళ్లమేననీ, పొట్లాలు గుంటూరు వైపు పల్లె నుంచి వ్యానులో వచ్చాయనీ చెప్పారు. ఒక పొట్లంలో చిన్న కాగితం ఉంది, నోటుపుస్తకంలోంచి చింపినది. బాల్ పెన్నుతో గుండ్రటి అక్షరాలు: "సాయంత్రంలోగా తినేయండి, తరువాత పాడవుతుంది." ఎవరో తల్లి రాసి ఉంటుంది. వందల పొట్లాలు కడుతూ కూడా, తినేవాళ్ల కడుపు చెడకూడదని ఆలోచించింది. ఆ కాగితం నూనె మరకతో సహా మా దేవుడి పటం వెనక ఉంది. అమ్మా, నువ్వెవరో నాకు తెలియదు. ఆ పూట మా అత్తయ్య, మా అమ్మాయి నీ చేతి అన్నమే తిన్నారు.

మా వెనక సందు సంగతి కూడా చెప్పాలి. మా ఇల్లు పెద్ద రోడ్డు నుంచి నాలుగో మలుపులో ఉంటుంది, ఆ సందు ఇంకా లోపలికి. ఆ కుర్రవాళ్ల డ్రమ్ము మా మలుపు దాకా వచ్చేసరికే సగం ఖాళీ అయింది, వెనక సందుకు చేరనేలేదు. నీరు తీశాక మా ఆయన ఫ్లైఓవర్ దగ్గరికి వెళ్లి వచ్చి బాధపడ్డారు. అక్కడ విప్పని పొట్లాలు కుప్పలుగా పాడైపోయి ఉన్నాయట. పంపినవారి తప్పు కాదు. దూరం నుంచి వచ్చినవారికి ఏ సందులో ఎవరున్నారో ఎలా తెలుస్తుంది? వ్యాను ఆగిన చోటే పంచారు. అక్కడున్నవారికి నాలుగుసార్లు అందింది, లోపలివారికి ఒక్కసారీ అందలేదు.

వెనక సందులోకి మొదట వెళ్లింది ఎన్డీఆర్ఎఫ్ (కేంద్రం పంపిన విపత్తు సహాయక దళం) వారి బోటు, మంగళవారం ఉదయం. ఆలస్యమే. కానీ ఆ సందులో నెలలు నిండిన అమ్మాయి ఉందని మేడ మీది నుంచి కేకవేసి చెబితే, ఇరుకు మలుపులో బోటు పట్టక ఇద్దరు జవాన్లు నీళ్లలోకి దిగి, తలుపు చెక్క మీద ఆమెను పడుకోబెట్టి బోటు దాకా తెచ్చారు. మరుసటి వారం ఆసుపత్రిలో ఆమెకు మగబిడ్డ పుట్టాడు. ఆ జవాన్లు తెలుగువాళ్లు కారు, నేను చేతులు జోడిస్తే వాళ్లూ జోడించారు. ఈ నాలుగు మాటలూ వాళ్లకు ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు.

అదే వారమంతా బుడమేరుకు పడిన మూడు గండ్లు పూడుస్తూ వందలమంది రాత్రింబగళ్లు పనిచేశారు. చివరి గండికి సైన్యం కూడా వచ్చింది. వినాయక చవితి నాడు మూడోదీ పూడింది. ఆ పని ఏ దాత వల్ల అవుతుంది? మనసు ఎంత పెద్దదైనా, అంత రాయి, అన్ని లారీలు, అన్ని యంత్రాలు ఒకచోటికి తేవడం ఒక ఊరివారి వల్ల, ఒక సంస్థ వల్ల అయ్యేది కాదు. ఆ గండ్లు పూడకపోతే మాకు వచ్చే పొట్లాలు ఇంకెన్ని రోజులు తినేవాళ్లం?

నీళ్లు తీసిన రోజు కిందికి దిగి తలుపు తోస్తే తెరుచుకోలేదు. లోపల జానెడు బురద. నల్లగా, జిగురుగా, మురుగు వాసన. మిషను కాలి బల్ల చుట్టూ అది గడ్డకట్టి ఉంది. జాకెట్ల మూటలు ఏవి ఎవరివో తెలియకుండా ఒకే ముద్ద అయిపోయాయి. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఏడుపు కూడా రాలేదు.

మర్నాడు పారిశుద్ధ్య కార్మికులు వచ్చారు. మా నగరంవాళ్లు కాదు, వేరే మునిసిపాలిటీల నుంచి బస్సుల్లో తెచ్చినవాళ్లు. బడిలో పడుకుంటూ, పగలంతా మా బురద ఎత్తుతున్నారు. వాళ్లలో ఒకామెది రాయలసీమ వైపు ఊరు. నా వయసే ఉంటుంది. నేను ఆశ వదులుకుని వీధిలోకి విసిరేసిన మూటను ఆమె పారతో ట్రాక్టరులోకి ఎత్తబోయి ఆగింది. చేత్తో విప్పి చూసింది. "అక్కా, ఇవి ఉతికితే పనికొస్తాయి. పారేయొద్దు" అని గోడ పక్కన పెట్టింది. తరువాత ఫైరింజను వచ్చి గొట్టంతో ఇల్లు కడుగుతుంటే, ఆ నీటి కిందే తను పట్టుకుని ఒక్కొక్క జాకెట్టూ జాడించి ఇచ్చింది. ఆమె పని అది కాదు. తిరిగి వెళ్లేముందు కాఫీ ఇద్దామంటే మా ఇంట్లో పాలు కూడా లేవు. పేరు అడగడం మరిచిపోయాను, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. వరదలో సాయం చేసినవారికి సన్మానాలు జరుగుతున్నప్పుడు ఆ చీపురు పట్టినవారిని ముందు వరసలో కూర్చోబెట్టాలని నా కోరిక. వాళ్లకు జీతం వస్తుంది కదా అనేవారు ఒక్కసారి ఆ బురద వాసన చూసి ఉండవలసింది.

రేషను బండి వచ్చి 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, కిలో పంచదార, లీటరు నూనె, రెండేసి కిలోల ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఇచ్చింది. కార్డు ఉన్నవారందరికీ అంతే, ఎక్కువ తక్కువలు లేవు. ఇక నష్టపరిహారం. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తు వారికి 10,000, ఆటోకు 10,000 అని ప్రకటించారు. లెక్కలు రాసేవారు వచ్చిన రోజు మేము మా అక్క ఇంట్లో ఉన్నాం. తాళం వేసి ఉందని రాసుకుని వెళ్లిపోయారు. మొదటి జాబితాలో మా పేరు లేదు. మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఆధార్ నకళ్లు, అద్దె ఇల్లని ఇంటివారి సంతకం, మూడుసార్లు మా వార్డు సచివాలయానికి తిరగడం. అక్కడ పనిచేసే అమ్మాయి ఇల్లూ మునిగిందట. తన ఇల్లు ఇంకా కడుక్కోకుండానే రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని మా వీధి దరఖాస్తులన్నీ ఎక్కించింది. అక్టోబరులో డబ్బు ఖాతాలో పడింది. పరుపులు, గ్యాస్ పొయ్యి, అమ్మాయి ఇంటర్ పుస్తకాలు, ఆటో ఇంజను మరమ్మతు, అన్నీ దాంతోనే.

ఆ డబ్బు కోసం వరుసలో నిలబడ్డాను, ఎండలో నిలబడ్డాను, విసుక్కున్నాను కూడా. తల మాత్రం దించుకోలేదు. అది నాకు రావలసింది, రాకపోతే అడగవచ్చు. సాయం విషయంలో అలా అడగలేము. ఒకరోజు దుప్పట్లు పంచడానికి వచ్చిన కొందరు, మా అమ్మాయి చేత దుప్పటి పట్టించి, నవ్వమని మూడుసార్లు ఫోటో తీశారు. ఆ పిల్ల ఆ దుప్పటి ఇప్పటికీ కప్పుకోదు. మీరు మంచి మనసుతోనే వచ్చారని నాకు తెలుసు. ఇకముందు ఎక్కడికి వెళ్లినా మీరు తెచ్చిన వస్తువులకు ఫోటో తీసుకోండి, తీసుకునేవారి ముఖాలకు వద్దు.

ముఖ్యమంత్రి సహాయనిధికి బడిపిల్లలు దాచుకున్న డబ్బు ఇచ్చారు, ప్రభుత్వ ఉద్యోగులు ఒకరోజు జీతం ఇచ్చారు. నా ఖాతాలో పడిన 25,000లో ఏ రూపాయి ఎవరిదో నేను విడదీయలేను.

మా అత్తయ్యది దివిసీమలో నాగాయలంక దగ్గరి పల్లె. ఈ రోజు నవంబరు 19. 1977లో ఇదే తేదీన వచ్చిన ఉప్పెనలో ఆమె తమ్ముళ్లిద్దరూ కొట్టుకుపోయారు. ఏటా ఈ రోజు దీపం పెడుతుంది. పొద్దున దీపం పెట్టి, నేను రాస్తున్నది విని, తన సంగతి చెప్పింది. అప్పుడు పదివేల మందికి పైగా పోయారు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అన్నం పెట్టారు, బట్టలిచ్చారు, శవాలు ఎత్తారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. స్వచ్ఛంద సంస్థలు ఇళ్లు కట్టి కాలనీలకు కాలనీలే లేపాయి. "ఆ అన్నం పెట్టినవాళ్లను దేవుళ్లనే అనుకున్నాను. కానీ ఆ గాలి వస్తోందని ముందురోజు మమ్మల్ని ఎవరైనా అక్కడి నుంచి లేవదీసి ఉంటే నా తమ్ముళ్లు ఉండేవాళ్లు కదే" అంది. 1990 మేలో అదే తీరానికి అంత పెద్ద తుఫానే వచ్చింది. అప్పటికి హెచ్చరికలు ఉన్నాయి, తుఫాను షెల్టర్లు ఉన్నాయి, లక్ష మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవారు వెయ్యి లోపే. బుడమేరు పక్కన ఉన్న మాకు కూడా అలాంటి కబురు ముందుగా అందే ఏర్పాటు కావాలి. ప్రభుత్వానికి నమస్కారం పెడుతూనే ఇది అడుగుతున్నాను.

మిషను సంగతి. ఒకటి పూర్తిగా పోయింది. రెండోదాన్ని వన్‌టౌన్‌లో మెకానిక్ భాయ్ ఊడదీసి, ప్రతి ముక్కా కిరసనాయిల్లో నానబెట్టి, షటిల్ మార్చి ఇచ్చారు. సామాను ఖర్చు తీసుకుని చేతికూలి వద్దన్నారు. ఆ వారం తన దుకాణానికి వచ్చిన వరద మిషన్లన్నిటికీ అలాగే చేశారట. పోయినదాని బదులు సత్యనారాయణపురం నుంచి ఒక పదవీ విరమణ చేసిన టీచరమ్మ, నా పాత ఖాతాదారు, తన మిషను ఆటోలో తెచ్చి గుమ్మంలో దించి వెళ్లారు. కొత్త సూదుల పొట్లం, నూనె సీసా కూడా పెట్టారు. దసరా ముందు దాని మీదే మొదటి జాకెట్టు కుట్టాను.

అన్నిటికంటే పెద్ద అప్పు నా ఖాతాదారులదే. యాభైకి పైగా జాకెట్లు పనికిరాకుండా పోయాయి. కొన్ని పట్టువి, పెళ్లివి. ఒక్కొక్కరికీ ఫోను చేసి, కొద్దికొద్దిగా కడతానని చెప్పాను. ఒక్కరంటే ఒక్కరు డబ్బు అడగలేదు. ఒకావిడ మరో జాకెట్టు ముక్క పంపి, ఈసారి కుట్టుకూలి ముందే ఇస్తానని ఇచ్చారు. ఇది ఏ లెక్కలోనూ రాదు, ఏ జాబితాలోనూ ఉండదు.

మిగిలినవి ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చేశాను. కొలతల పుస్తకం తడిసి పేజీలు అతుక్కుపోయినందువల్ల పదకొండు జాకెట్లు ఎవరివో తెలియడం లేదు. నెమలికంఠం రంగు పట్టుకు బంగారు అంచు ఒకటి, తెల్ల కాటనుకు ఎర్ర పైపింగు ఒకటి, చిన్నపిల్ల పావడాకు జతగా కుట్టిన పసుపు జాకెట్టు ఒకటి, ఇలాంటివి. మీవైతే వచ్చి తీసుకెళ్లండి. అంచుల్లో కాస్త మరక ఉంది, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. పసుపుది మీ పాపకు ఈపాటికి బిగుతవుతుంది, లోపల అరంగుళం వదిలి కుట్టాను, విప్పి వేసిస్తాను.