బహుమతి సొమ్ము బావురు పిల్లికీ అందాలి

సంపాదకులకు,

అయ్యా,

సొంత జెండా, సొంత తపాలా బిళ్ల, సొంత రాజ్యాంగం పెట్టుకొని తమదొక దేశమని ప్రకటించుకొనే బుల్లి రాజ్యాల సరదా మన కాలేజీ పిల్లలకూ పాకింది. మైక్రోనేషన్లు అనే ఈ బుల్లి రాజ్యాల మాట ఎత్తగానే మనవాళ్లకు నిత్యానంద ప్రకటించుకొన్న 'కైలాస' గుర్తుకు వస్తుంది గాని, నేను ప్రస్తావిస్తున్నది దాన్ని కాదు. ఇంగ్లండు తీరానికి ఆవల యుద్ధకాలంలో కట్టి వదిలేసిన ఒక సముద్రపు కోటపై 1967లో ఒక కుటుంబం సీలాండ్‌ను ప్రకటించింది. ఆ తరహావి తర్వాత ఎన్నో వచ్చాయి. అమెరికాలోని మొలోసియా అయితే తన నాణెం విలువను బిస్కట్ల పిండితో ముడిపెట్టింది. వీటిని ఏ ప్రభుత్వమూ దేశాలుగా గుర్తించలేదు, ఆ సంగతి నడిపేవారికీ తెలుసు.

వీటిలో కొన్ని అంటార్కిటికాపై కన్నేశాయి. 1959 నాటి అంటార్కిటికా ఒప్పందం అక్కడ కొత్తగా ఎవరూ హక్కు చాటుకోరాదని చెప్పినందువల్ల ఆ ప్రకటనలకు విలువ లేదు. అయినా 2001లో మొదలైన వెస్టార్కిటికా క్రమంగా ఆ మంచు ఖండపు పర్యావరణం గురించి ప్రచారం చేసే స్వచ్ఛంద సంస్థగా మారింది. ఇలాంటి బృందాల్లో జెండా రూపకల్పన, వ్యాసరచన వంటి పోటీలు జరగడం, గెలిచినవారు వచ్చిన కొద్దిపాటి సొమ్మును వన్యప్రాణుల సంరక్షణకు ఇచ్చెయ్యడం నాకు నచ్చిన విషయం. మా వీధిలోని ఇంజనీరింగ్ విద్యార్థి ఒకరు అలాగే గెలిచి, ఆ డబ్బు పెంగ్విన్ల రక్షణకు పంపమన్నాడు. సంతోషమే. కానీ కృష్ణా తీరాన పుట్టిన పిల్లవాడి దానం ఇక్కడి జీవాలకు ఎందుకు చేరలేదన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

అందులో అతని తప్పేమీ లేదు. విదేశాల నుంచి విరాళం తీసుకోవాలంటే ఇక్కడి సంస్థకు 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ఖాతాలోనే పడాలి. ఊళ్లో పనిచేసే చిన్న బృందాలకు అది అయ్యే పని కాదు. పులి సంగతి వేరు: 1973 నుంచి దానికి ప్రత్యేక పథకం ఉంది, పులుల అభయారణ్యాలకు విరాళాలు స్వీకరించే ఫౌండేషన్లను చట్టమే ఏర్పరచింది. హంసలదీవి, నాగాయలంక వైపు మడ అడవుల్లో చేపలు పట్టి బతికే బావురు పిల్లికి కూడా 1972 వన్యప్రాణి చట్టం పులితో సమానంగా, గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూలులో చోటిచ్చింది గాని, దాని పేరు మీద రూపాయి ఇద్దామనుకొనేవారికి దారి చూపినవారు లేరు. మడ చెట్లు పోయి చేపల చెరువులు వచ్చినచోట అది దొంగ పిల్లి కింద లెక్క. ఇక సూర్యలంక తీరానికి జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు మర పడవల వలల్లో చిక్కి చచ్చిపోతుంటాయి. చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న గాని మొదలు కాదు, అప్పటికి ఆ గుడ్ల కాలం చివరికి వచ్చేస్తుంది. ఒడ్డున మిగిలిన గుడ్లను కుక్కల నుంచి, నక్కల నుంచి కాపాడాలంటే రాత్రంతా ఇసుకలో తిరిగే మనుషులు కావాలి, వారికి కూలీ కావాలి, గుడ్ల చుట్టూ కట్టడానికి వల కావాలి. చిన్న మొత్తం సార్థకమయ్యేది ఇలాంటి పనికే.

కాబట్టి ఈ అలవాటును మన పోటీల్లోకే తెచ్చుకుందాం. ఏటా అక్టోబరు 2 నుంచి 8 వరకు వన్యప్రాణి వారోత్సవాల్లో పిల్లలకు వ్యాసరచన, చిత్రలేఖనం పోటీలు పెడుతున్నారు. జనవరిలో పుస్తక మహోత్సవం, సంక్రాంతికి ముగ్గుల పోటీలు ఉండనే ఉన్నాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. వేదిక మీద మైకు ముందు పెట్టి "మరి ఈ డబ్బు దానమిస్తావా అమ్మా?" అని అడగడం మర్యాద కాదు, అది దానమూ కాదు. ఆ డబ్బుతో ఫీజు కట్టుకోవలసిన పిల్లలు ఉంటారు. పేరు నమోదు చేసుకొనే కాగితం మీదే ఒక గడి ఉంచి, గెలిస్తే మొత్తమో సగమో ఇస్తారా, దేనికి ఇస్తారు అని ముందే అడగాలి. ఖాళీగా వదిలినవారిని మళ్లీ అడగకూడదు. ఇచ్చినవారి పేర్లు చదవనక్కరలేదు, డబ్బు దేనికి ఖర్చయిందో మాత్రం రసీదుతో సహా మరుసటి ఏడాది పోటీ మొదలయ్యే ముందు నోటీసు బోర్డులో పెట్టాలి.

అన్నిటికంటే ముందు ఆ గడిలో ఏం రాయాలో పిల్లలకు తెలియాలి గదా. కృష్ణా అభయారణ్యంలో, బాపట్ల తీరంలో, గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు పక్షుల చెరువులో వెంటనే కావలసిన చిన్న పనులేవో, ఒక్కోదానికి ఎంత అవుతుందో, ఆ డబ్బు ఎవరి ఖాతాలో వేయాలో తెలిపే పట్టికను అటవీ శాఖ అధికారులు సెప్టెంబరులోగా తెలుగులో విడుదల చేసి, ఈ జిల్లాల విద్యాసంస్థలకు పంపవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ.