పాపప్ మోడల్ తిరగరాశాను, మెర్జ్‌కి (మెయిన్ కోడ్‌లో కలపడానికి) ముందు ఒకసారి చూడండి

అందరికీ నమస్కారం. మన కాంపొనెంట్ లైబ్రరీలోని మోడల్‌ని (modal, అంటే పేజీ మీద తెరుచుకునే పాపప్ పెట్టెని) ఈ వారం మొత్తం కూర్చుని తిరగరాశాను. కొత్త బ్రాంచ్‌లో ఉంది.

పాతది డివ్‌ల (మామూలు HTML పెట్టెల) మీద డివ్‌లు పేర్చి కట్టింది. చూడ్డానికి బాగానే ఉండేది. కానీ మోడల్ తెరిచి ట్యాబ్ నొక్కుతూ పోతే ఫోకస్ (కీబోర్డ్ ఇప్పుడు దేని మీద ఉందో ఆ గుర్తు) వెనకున్న పేజీలోకి జారిపోయేది. మౌస్ వాడేవాళ్లకి ఇది కనపడదు, అందుకే ఇన్నాళ్లూ ఎవరం పట్టించుకోలేదు. నేనూ అంతే, అది రాసిందే నేను!

ఇప్పుడు బ్రౌజర్‌లోనే ఉన్న డైలాగ్ ఎలిమెంట్ వాడాను. 2022 మార్చి నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో పనిచేస్తోంది. దాని షోమోడల్ ఫంక్షన్‌తో తెరిస్తే వెనక పేజీ దానంతటదే ఇనర్ట్ అవుతుంది, అంటే క్లిక్‌కీ ట్యాబ్‌కీ అందదు. ఎస్కేప్ కొడితే మూసుకుంటుంది, ఫోకస్ మళ్లీ తెరిచిన బటన్ దగ్గరికే వస్తుంది. బ్రౌజర్ అన్నిటికన్నా పైన చూపే టాప్ లేయర్‌లో కూర్చుంటుంది కాబట్టి, మోడల్‌ని పైకి తేవడానికి జెడ్ ఇండెక్స్ 9999 పెట్టే గోల కూడా వదిలింది. వెనక పేజీ స్క్రోల్ మాత్రం ఆగదు, దానికి సీఎస్ఎస్ విడిగా రాశాను.

పనిలో పనిగా బటన్ మీది బూడిదరంగు అక్షరాలు కొంచెం ముదురు చేశాను. కాంట్రాస్ట్ యాక్సెసిబిలిటీ ప్రమాణం అడిగే 4.5:1 కన్నా తక్కువుండేది.

ఈజ్‌ఓపెన్ ప్రాప్ (కాంపొనెంట్‌కి మనం ఇచ్చే సెట్టింగ్) పేరు ఇప్పుడు ‘ఓపెన్’గా మారింది. వచ్చే మేజర్ వెర్షన్ దాకా పాత పేరూ నడుస్తుంది, కన్సోల్‌లో వార్నింగ్ వస్తే టెన్షన్ పడకండి.

విండోస్‌లో స్క్రీన్‌ని చదివి వినిపించే ఎన్‌వీడీఏతో నేను చూశాను. మ్యాక్ ఉన్నవాళ్లెవరైనా అందులోని స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్‌తో ఒకసారి తెరిచి, టైటిల్ చదువుతోందో లేదో ఇక్కడే చెప్పండి. శుక్రవారం మెర్జ్ చేస్తాను.