తమ్ముడికి ఉత్తరం: పాయింట్ల కంటే ముందు నిమిషాలు చూడు

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. నీ ఉత్తరం చేరింది. మీ బాస్కెట్‌బాల్ ఫాంటసీ లీగ్‌లో (అమెరికా లీగ్ ఎన్‌బీఏలోని నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని, వాళ్ల గణాంకాలతో పోటీపడే ఆటలో) 12 జట్లు, జట్టుకు 13 మంది, తొమ్మిది కేటగిరీలు, వారానికొకరితో పోటీ అని వివరంగా రాశావు, మంచి పని చేశావు. ఆ తొమ్మిదీ ఏవంటే: పాయింట్లు, రీబౌండ్లు (పడని బంతిని అందుకోవడం), అసిస్టులు (పాయింట్లకు దారితీసే పాస్‌లు), స్టీల్స్ (ఎదుటివాడి బంతి లాక్కోవడం), బ్లాకులు (షాట్‌ను అడ్డుకోవడం), త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు), షూటింగ్ శాతం, ఫ్రీత్రోల (ఫౌల్‌కు బదులుగా దక్కే ఒక పాయింటు షాట్ల) శాతం, టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడం). ఆ నాలుగూ తెలియకుండా ఎవరిని తీసుకోవాలో ఎవరూ చెప్పలేరు. పాయింట్లు కూడి లెక్కేసే లీగ్ అయితే నేను కింద రాసినవాటిలో సగం చెల్లవు.

ఎవరూ పట్టించుకోని మంచి ఆటగాళ్లు ఎక్కడ దొరుకుతారని అడిగావు కదా. ముందు ఒక చిన్న లెక్క చూడు. 12 జట్లు, 13 మంది చొప్పున మీ చేతుల్లో ఉన్నది 156 మంది. ఎన్‌బీఏలో 30 జట్లు, ఒక్కోదానికి ఐదుగురు స్టార్టర్లు (ఆట మొదలుపెట్టేవాళ్లు), అంటే 150 మంది. ఈ రెండు అంకెలూ దాదాపు ఒకటే. కానీ స్టార్టర్లందరూ ఫాంటసీకి పనికొచ్చేవాళ్లు కారు, బెంచి మీద నుంచి వచ్చేవాళ్లలో పనికొచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. కాబట్టి ఏ రోజు చూసినా ఎవరి జట్టులోనూ లేకుండా, మీ జట్లలో ఉన్న చివరి ఇద్దరు ముగ్గురి కంటే బాగా ఆడేవాళ్లు కొందరు వేవర్లలో (ఎవరూ తీసుకోని ఆటగాళ్ల జాబితాలో) మిగిలే ఉంటారు. వాళ్లు కనబడకపోవడానికి కారణం అందరూ పాయింట్ల వరసలో జాబితా తెరవడమే. నువ్వు నిమిషాల వరసలో తెరువు.

ఒక ఆటకు 48 నిమిషాలు, కోర్టు మీద ఐదుగురు. అంటే జట్టు దగ్గర పంచడానికి ఉన్నవి సరిగ్గా 240 నిమిషాలు. ఒకడికి పెరిగాయంటే ఇంకొకడికి తగ్గాయన్నమాట. ఎవడికైనా 22 నిమిషాలు కాస్తా 31 అయితే, ఆ తొమ్మిదీ ఎవరి వాటాలోంచి వచ్చాయో వెతుకు. ఆ వాటా పోగొట్టుకున్నవాడు మళ్లీ ఎప్పుడు వస్తాడో తెలిస్తే, నీకు దొరికినవాడు ఎన్నాళ్లు పనికొస్తాడో తెలిసినట్టే.

2023 డిసెంబరులో న్యూయార్క్ నిక్స్ సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) మిచెల్ రాబిన్సన్‌కు చీలమండ ఆపరేషన్ అయింది. ఆ చోటు ఐజయా హార్టెన్‌స్టైన్‌కు వచ్చింది. ఆ సీజన్ మొత్తానికి అతని సగటు 7.8 పాయింట్లే. పాయింట్ల వరసలో చూసేవాడికి ఆ పేరు ఎక్కడో అడుగున ఉంటుంది. పక్క గళ్లు చూడు: 8.3 రీబౌండ్లు, 1.2 స్టీల్స్, 1.1 బ్లాకులు, షూటింగ్ 64 శాతం. తొమ్మిదిలో నాలుగు కేటగిరీలకు మేలు చేసే ఆటగాడు. ఆపరేషన్ అంటే వారం పది రోజుల్లో తేలే విషయం కాదు గనక, వార్త వచ్చిన రోజే తీసుకున్నవాడికి నెలల తరబడి ఫలం దక్కింది.

నిమిషాలు పెరగడానికి కారణాలన్నీ ఒక్క తీరువి కావు. గాయం వల్ల పెరిగితే గాయం ఎంతకాలమో అంతే. ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) వల్ల పెరిగితే సీజన్ చివరిదాకా నమ్మొచ్చు. కోచ్ ఆలోచన మారడం వల్ల అయితే ఐదారు ఆటలు చూస్తేగాని నమ్మకూడదు. అసలు నమ్మకూడనిది 30 పాయింట్ల తేడాతో ముగిసిన ఆట. అక్కడ నాలుగో క్వార్టర్ అంతా బెంచి చివరివాళ్లే ఆడతారు, మర్నాడు వాళ్ల బాక్స్‌స్కోర్ (ఆ ఆట గణాంకాల పట్టిక) చూసి మీ లీగ్‌లో ఎవడో ఒకడు తొందరపడతాడు. ఓవర్‌టైమ్ వెళ్లిన ఆటా అంతే, అక్కడ ఒక్కో ఓవర్‌టైమ్‌కు ఐదు నిమిషాలు అదనం. అందుకని గత ఐదు ఆటల బాక్స్‌స్కోర్లు విడివిడిగా తెరువు, సగటు చూడకు. ప్రతి ఆటలో తుది తేడా ఎంతో చూడు. పోటాపోటీగా సాగిన ఆటల చివరి ఐదు నిమిషాల్లో కోర్టు మీద ఉన్నాడా లేదా చూడు. దగ్గరి ఆటను ముగించే ఐదుగురిలో ఉన్నాడంటే కోచ్ నమ్మకం కుదిరినట్టే. స్టార్టర్‌గా దిగాడా అన్నదానికంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

ఆటగాడు 36 నిమిషాలు ఆడితే ఎన్ని వస్తాయో లెక్కగట్టే గణాంకం గురించి రాశావు. అది మంచి పనిముట్టే, కానీ గుడ్డిగా వాడితే మోసపోతావు. డైసన్ డేనియల్స్ న్యూ ఆర్లీన్స్‌లో 2023-24లో ఆటకు 22 నిమిషాలే ఆడి 1.4 స్టీల్స్ తీశాడు. 36 నిమిషాలకు లెక్కేస్తే 2.2 పైనే. అట్లాంటాకు ట్రేడ్ అయ్యాక 2024-25లో దాదాపు 34 నిమిషాలు దొరికాయి, సగటు 3.0 స్టీల్స్‌కు చేరింది, సీజన్‌లో మొత్తం 229. మీ లీగ్‌లో మామూలు ఆటగాడు ఆటకు ఒక స్టీల్ తెస్తాడనుకో, ఇతనొక్కడే ముగ్గురి పని చేశాడు. ముందు సీజన్ గణాంకాల్లోనే ఆ జాడ ఉంది, లేనివి నిమిషాలే.

మోసం ఎక్కువగా పొడుగు సెంటర్ల దగ్గర జరుగుతుంది. 20 నిమిషాల్లో 9 రీబౌండ్లు, 2 బ్లాకులు కనబడగానే 36కు పెంచి చూసి ఆశపడతాం. ఫౌళ్ల గడి చూడం. 20 నిమిషాలకు 4 ఫౌళ్లు చేసేవాడికి ఆరో ఫౌల్ 30వ నిమిషంలో పడుతుంది, ఆట అక్కడితో సరి. నిజానికి అంతదాకా కూడా రాడు, మూడో ఫౌల్ పడగానే కోచ్ బెంచి మీద కూర్చోబెడతాడు. బ్లాకుల కోసం యువ సెంటర్‌ను తీసుకునేటప్పుడు మొదట చదవాల్సిన గడి ఫౌళ్లదే.

నిమిషాలు పెద్దగా మారకుండానే విలువ పెరిగేవాళ్లూ ఉంటారు. అక్కడ చూడాల్సింది షాట్లు. లౌరీ మార్కనెన్ క్లీవ్‌లాండ్‌లో ఇద్దరు పెద్ద సెంటర్ల పక్కన ఆడి 14.8 పాయింట్లు చేశాడు. 2022లో యూటాకు వెళ్లాక, అక్కడి స్టార్ ఆటగాళ్లిద్దరూ వెళ్లిపోవడంతో బంతి అతని చేతికొచ్చింది, సగటు 25.6కు ఎగబాకింది. ఇంతకంటే ముచ్చటైనది బ్రూక్ లోపెజ్ కథ. మొదటి ఎనిమిది సీజన్లలో కలిపి అతనికి పడిన త్రీలు మూడంటే మూడు. 2016-17లో ఒక్క సీజన్‌లోనే 134. అలాంటి మార్పును పట్టుకోవడానికి సీజన్ అంతా ఆగనక్కర్లేదు. ఎన్ని త్రీలు పడ్డాయో కాదు, ఎన్ని వేశాడో చూడు. పడటంలో అదృష్టం ఉంటుంది. వేయడం మాత్రం కోచ్, ఆటగాడు కలిసి తీసుకున్న నిర్ణయం. సెంటర్ ఎవడైనా ఆటకు నాలుగైదు త్రీలు వేయడం మొదలుపెట్టి రెండు వారాలు మానకపోతే, పడ్డా పడకపోయినా అతని ఆట మారినట్టే.

ఆ అదృష్టం ఎంత చిన్నదో లెక్కేసి చూపిస్తాను. ఒకడు ఆటకు ఆరు త్రీలు వేస్తాడు, పది ఆటలకు 60. ఏళ్ల తరబడి అతని సగటు 36 శాతం, అంటే 21 లేదా 22 పడాలి. ఈసారి 17 పడ్డాయి, 28 శాతం. చూసేవాడికి ఆటగాడు పాడైపోయినట్టు అనిపిస్తుంది. తేడా ఎంత? పది ఆటల్లో ఐదు బంతులు రింగు చుట్టూ తిరిగి బయటికి పోయాయి, అంతే. నిమిషాలు, షాట్ల సంఖ్య, ఫ్రీత్రోల సంఖ్య ఎప్పటిలాగే ఉంటే, మీ లీగ్‌లో అతన్ని పెట్టుకున్నవాడిని ట్రేడ్ అడగాల్సిన సమయం అదే. షాట్లూ తగ్గాయంటే మాత్రం అది దురదృష్టం కాదు, జట్టులో స్థానం జారిందన్నమాట, ముట్టుకోకు. నీ జట్టులో ఇదే పది ఆటల్లో 27 పడినవాడు ఉంటే అదే లెక్క తిరగేసి, వాడిని మంచి ధరకు ఇచ్చెయ్.

శాతాల కేటగిరీల్లో చాలామంది తప్పటడుగు వేస్తారు. నీ జట్టు వారానికి 100 ఫ్రీత్రోలు వేసి 80 సాధిస్తుందనుకో. స్టార్ ఆటగాడు యానిస్ అంటెటోకుంపో 2023-24లో ఆటకు 10.7 ఫ్రీత్రోలు వేశాడు, 65.7 శాతం. నాలుగు ఆటల వారంలో 43 వేస్తే 28 పడతాయి. కలిపితే 143లో 108, అంటే నీ 80 శాతం 75.5కు దిగింది. అదే 50 శాతం వేసేవాడు ఆటకు ఒక్కటే వేస్తే, వారానికి నాలుగులో రెండు, 104లో 82, అంటే 78.8. శాతం చూస్తే రెండోవాడే చెడ్డవాడు, నష్టం మాత్రం మొదటివాడితోనే ఎక్కువ. శాతం పక్కనే సంఖ్య చదవకపోతే ఈ కేటగిరీ ఎప్పటికీ అర్థం కాదు.

ఇక్కడే చౌకగా దొరికేవాళ్లు ఉన్నారు. నీ జట్టు ఎటూ ఫ్రీత్రోల్లో ఓడిపోయేదే అయితే ఆ కేటగిరీని వదిలెయ్. అప్పుడు ఫ్రీత్రోల వల్ల మిగతావాళ్లు భయపడే సెంటర్లందరూ నీకు ఎక్కువ విలువైనవాళ్లు అవుతారు. తొమ్మిదిలో ఐదు గెలిస్తే వారం నీదే. కానీ వదిలేది ఒకటి, మహా అయితే రెండు. మూడు వదిలేస్తే మిగిలిన ఆరులో ఐదు గెలవాలి, అది ప్రతివారం జరిగే పని కాదు.

జట్టు చివరి ఇద్దరు ముగ్గురిని మాత్రం ప్రతిభ కంటే క్యాలెండర్ చూసి ఎంచుకో. ఎన్‌బీఏ జట్లు వారానికి సాధారణంగా మూడు నాలుగు ఆటలు ఆడతాయి, ఒక్కోసారి రెండే. 12 పాయింట్లవాడు నాలుగు ఆటల్లో 48 తెస్తే, 20 పాయింట్లవాడు రెండింట్లో 40 తెస్తాడు. ఇంకో మెలిక ఉంది. బుధ, శుక్రవారాల్లో సాధారణంగా ఆటలు కిక్కిరిసి ఉంటాయి. ఆ రోజుల్లో నీ స్థానాలన్నీ నిండిపోయి, కొత్తగా తెచ్చుకున్నవాడు బెంచి మీదే ఉండిపోతాడు. ఆటలు తక్కువున్న రోజుల్లో ఆడే జట్టువాడిని తెచ్చుకుంటేనే ఆ నాలుగు ఆటలూ నీ ఖాతాలో పడతాయి. ఆదివారమే వచ్చే వారం పట్టిక ముందు పెట్టుకుని, ఏ రోజు నీకు ఎన్ని ఖాళీలున్నాయో కాగితం మీద గీసుకో.

గాయాల జాబితాలో వాడే మాటలకు అర్థాలున్నాయి. ప్రాబబుల్ అంటే ఆడే అవకాశం ముప్పావు వంతు, క్వశ్చనబుల్ అంటే సగం, డౌట్‌ఫుల్ అంటే పావు. చలికాలంలో ఇక్కడ అమెరికా తూర్పు తీరంలో రాత్రి 7కు మొదలయ్యే ఆట నీకు మర్నాడు తెల్లవారుజామున 5:30కు. చివరి వార్తలు నువ్వు నిద్రలో ఉండగా వస్తాయి. అందుకని పడుకునే ముందు జాబితా చూసి, క్వశ్చనబుల్ అని ఉన్న స్టార్ వెనక ఎవరున్నారో కనుక్కుని వాడిని ముందే తీసి పెట్టుకో. స్టార్ ఆడితే వాడిని మర్నాడు వదిలేస్తావు, పోయేదేమీ లేదు.

మీ లీగ్‌లో వేవర్లలోని ఆటగాళ్లను పాడుకోవడానికి 100 డాలర్ల పద్దు ఉందన్నావు. వారం రోజుల గాయానికి బదులు ఆటగాడైతే ఒకటి రెండు మించి పెట్టకు. నెలల గాయం, లేదా ట్రేడ్ వల్ల వచ్చిన స్థానం అయితే 25 నుంచి 30 దాకా వెళ్లు. సీజన్ మొదటి నెలలో ఇలాంటివి ఎక్కువ తగులుతాయి, డబ్బు దాచుకుని ఏప్రిల్‌లో చేసేదేమీ ఉండదు. అదే నెలలో షూటింగ్ బాగోలేదని పేరున్నవాడిని ఊరికే వదిలేయకు. ఎక్కువ నష్టం చేసే తప్పు అదే.

ఫిబ్రవరి మొదట్లో ట్రేడ్ గడువు ముగియగానే లెక్క మొత్తం మారుతుంది. ఓడుతున్న జట్లు పాతవాళ్లను కూర్చోబెట్టి కుర్రాళ్లను ఆడిస్తాయి. మీ ప్లేఆఫ్‌లు మార్చిలోనే కనక ఇది నీకు చాలా ముఖ్యం. అలాంటి జట్లలో 30 నిమిషాలు దొరికిన కుర్రాడి షూటింగ్ బాగుండదు, టర్నోవర్లు ఎక్కువ, అయినా రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్ దండిగా వస్తాయి. తీసుకునే ముందు అతను టూ-వే ఒప్పందం (ఎన్‌బీఏ జట్టుకూ దాని కింది లీగ్ జట్టుకూ మధ్య తిరిగే ఒప్పందం) మీద ఉన్నాడేమో చూడు. ఉంటే సీజన్‌కు 50 ఆటలకే అనుమతి. జట్టు మామూలు ఒప్పందం ఇవ్వకపోతే సరిగ్గా నీకు అవసరమైన వారంలో ఆగిపోతాడు.

నీ 13 మంది పేర్లు కాగితం మీద రాసి, ఒక్కొక్కరి పక్కన గత ఐదు ఆటల నిమిషాలు, వేసిన షాట్లు, ఫౌళ్లు రాసి పంపు. పాయింట్లు రాయక్కర్లేదు. ఎవరిని వదలాలో, ఎవరికి ట్రేడ్ అడగాలో ఆ మూడు గళ్లు చూసి చెబుతాను. అమ్మానాన్నలకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ అక్క