ఉత్తర లంక ఓటు ఎప్పుడు?

శ్రీలంక అధ్యక్షులు అనుర కుమార దిసనాయకె గారికి,

2009 మేలో తమిళ టైగర్లతో మీ సైన్యం యుద్ధం ముగిసింది. రోడ్లు వేశారు, 2014లో యాళ్ దేవి రైలు మళ్లీ జాఫ్నా చేరింది. సంతోషమే. కానీ ఉత్తర ప్రాంతీయ మండలికి (మా రాష్ట్ర శాసనసభల్లాంటిది) 2013లో జరిగిన మొదటి ఎన్నికే చివరిది కూడా. 2018లో గడువు తీరాక గవర్నర్ పాలనే. కంకర, సిమెంటు పంపినంత తేలిగ్గా అధికారం పంపడానికి కొలంబోకు మనసొప్పదు (ఏ రాజధానికి ఒప్పింది గనక!).

2017 నుంచి ఆ ఉత్తరానే ఉన్న కిలినొచ్చి తల్లులు కనబడకుండా పోయిన బిడ్డల ఫొటోలు పట్టుకుని నిలదీస్తున్నారు. అందుకోసం పెట్టిన కార్యాలయం ఉంది, చాలామందికి జవాబే రాలేదు. 2024 పార్లమెంటు ఎన్నికల్లో జాఫ్నా జిల్లా మీ కూటమినే ముందు నిలిపింది. ఆ నమ్మకం అప్పులాంటిది. మండలి ఎన్నికల తేదీ ప్రకటించండి, సైన్యం చేతిలో మిగిలిన పొలాలు సొంతదారులకు అప్పగించండి.

ఇట్లు,
పొరుగుదేశపు ఓటరు