వార్షిక నివేదిక: పాత రైలు కట్టల వెంట మన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా దాదాపు ఒక్క లైను చుట్టూనే తిరిగింది. అది శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ, ఒడిశాలోని గుణుపురం మధ్య నడిచిన చిన్న రైలు. విశాఖలోనే చూడాల్సినవి ఉండగా అంత దూరం ఎందుకని కొందరు అడిగారు. ఆనవాళ్లు అక్కడ త్వరత్వరగా చెరిగిపోతున్నాయి, అందుకే వెళ్లాం.

పర్లాకిమిడి రాజావారు వేయించిన ఈ లైను 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలై, 1931లో గుణుపురం చేరింది. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లే. బ్రాడ్ గేజ్, అంటే వెడల్పు పట్టాల లైను కోసం చిన్న రైలును 2004లో ఆపేశారు. 2011లో గుణుపురానికి పెద్ద రైలు వచ్చింది.

చాలాచోట్ల కొత్త లైను పాత కట్ట మీదే ఉంది, కాబట్టి అక్కడ వెతికినా ఏమీ దొరకదు. చిన్న బండి ఎంత మలుపైనా తిరిగేది. పెద్ద బండికి ఆ మలుపులు కుదరవు. వాటిని సరిచేసిన చోట పాత కట్ట పక్కకు విడిపోయి పొలాల్లోకి పోతుంది. అలాంటి ఒకచోట సన్నటి కట్ట, దాని కింద చిన్న కల్వర్టు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఊరివాళ్లు ఇప్పుడు దాన్ని కాలిబాటగా వాడుకుంటున్నారు. టెక్కలి వైపు ఒక ఇంటి పెరటి కంచెకు పాత పట్టా ముక్కలే గుంజలు. కొలతలు తీస్తుంటే ఇంటివాళ్లు మొదట అనుమానంగా చూశారు. విషయం చెప్పాక మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు. బండి వచ్చే వేళకు పశువులను కట్ట మీంచి దింపడం చిన్నప్పుడు తన పనని ఆ ఇంటి తాతగారు చెప్పారు. ఈ ఏడాది మనకు దొరికిన వాటిలో నాకు అన్నిటికంటే విలువైనది ఆ మాటే.

ఒక నష్టం కూడా జరిగింది. మొదటిసారి చూసిన దూరం రాయిని రెండోసారి ఫోటో తీద్దామని వదిలేశాం. వెళ్లేసరికి అది లేదు. ఇకపై చూసిన రోజే ఫోటో తీయాలని తీర్మానించాం.

నగరంలో పోర్టు వైపు వాడకంలో లేని సైడింగుల (ప్రధాన లైను నుంచి పక్కకు చీలే పట్టాల) కోసం రెండు ఆదివారాలు తిరిగాం. లోపలికి అనుమతి రాలేదు, బయటి నుంచి కనిపించినంతే నమోదు చేశాం. 1987లో స్టేషన్ పేరు విశాఖపట్నంగా మారినా ఇప్పటికీ వాల్తేరు స్టేషన్ అనే పెద్దలు మన సభ్యుల్లోనే ఉన్నారు. వారి జ్ఞాపకాల రికార్డింగ్ మొదలైంది.

జమాఖర్చుల కాపీ సర్వసభ్య సమావేశంలో ఇస్తాం.

పాతపట్నం దాటాక గుణుపురం దాకా ఇంకా నడవాల్సి ఉంది. వర్షాలు తగ్గాక బయల్దేరతాం. మీ ఇళ్లలో చిన్న రైలు టికెట్లు, ఫోటోలు ఉంటే సమావేశానికి తీసుకురండి, స్కాన్ చేసి అక్కడే తిరిగి ఇచ్చేస్తాం.

కార్యదర్శి