ఘాట్‌లో లారీలకు రేడియో: ఏది చెల్లుతుందో తెలుగులో రాసి చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గిద్దలూరు దాటి దిగువమెట్ట మీదుగా నంద్యాల వైపు ఘాట్ ఎక్కే లారీ డ్రైవర్ల చేతిలో ఫోను ఉన్నా, అడవిలో చాలాచోట్ల సిగ్నల్ అందదు. బండి మలుపులో ఆగిపోతే క్లీనరు దిగి రోడ్డు మీద రాళ్లు పేర్చి, చెట్టుకొమ్మలు విరిచి పెట్టి వెనకొచ్చే బండ్లను హెచ్చరిస్తాడు. యాక్సిల్ విరిగినా, డ్రైవరుకు గుండెనొప్పి వచ్చినా, ఎదురొచ్చిన బండిని ఆపి "గాజులపల్లె చేరాక ఈ నంబరుకు ఫోన్ చెయ్యన్నా" అని చీటీ రాసివ్వడమే దారి. డోర్నాల నుంచి ఆత్మకూరు పోయే అడవి దారిలోనూ ఇదే తీరు. నేను లారీలకు వైరింగ్ పని చేసేవాడిని. షెడ్డుకు వచ్చే డ్రైవర్లు ఈ టెన్షన్ గురించి చెప్పని రోజు ఉండదు.

దీనికి కొంతైనా పనికొచ్చే ఉపాయం చట్టంలోనే ఉంది. 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, మామూలు జనం తమలో తాము మాట్లాడుకోవడానికి వదిలిన రేడియో తరంగాల పట్టీ అయిన సిటిజన్ బ్యాండ్‌లో, 5 వాట్లు మించని రేడియో సెట్లకు లైసెన్స్ అక్కర్లేదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నియమం తెచ్చింది. అమెరికాలో ఇలాంటి రేడియో 1958 నుంచీ ఉంది. 1970ల్లో డీజిల్ కరువు వచ్చినప్పుడు అక్కడి లారీ డ్రైవర్లు ఏ బంకులో డీజిల్ దొరుకుతుందో ఒకరికొకరు చెప్పుకున్నది దీని మీదనే. సెల్ టవర్ అవసరం లేదు, నెలనెలా రీఛార్జ్ లేదు. ఒక బండి నుంచి ఇంకో బండికి నేరుగా మాట వెళ్తుంది. చదునైన నేల మీద కొన్ని కిలోమీటర్లు అందుతుంది. ఘాట్‌లో కొండ అడ్డొస్తే దూరం తగ్గుతుంది, నిజమే. కానీ అక్కడ కావాల్సింది ఊరికి ఫోన్ చేయడం కాదు, మలుపు అవతల ఉన్న బండికి "నెమ్మదిగా రా, రోడ్డు మూసుకుపోయింది" అని చెప్పడం. అంతవరకు ఇది చాలు.

మరి ఎందుకు ఎవరూ పెట్టుకోవడం లేదు? ఒక కారణం భయం. ఉదయగిరి, రాపూరు అడవుల నుంచి నల్లమల దాకా ఎర్రచందనం దొంగరవాణా మీద నిఘా ఉంది. లారీ నెత్తిన యాంటెనా, క్యాబిన్‌లో వైర్‌లెస్ సెట్టు కనబడితే తనిఖీ సిబ్బందికి అనుమానం రావడం సహజం. వారిని నేను తప్పుపట్టను. కానీ ఆ బ్యాండ్‌లో మాట్లాడేది సెట్టు ఉన్న ప్రతివాడికీ వినబడుతుంది, పోలీసులు కూడా ఒక సెట్టు పెట్టుకుని వినొచ్చు. దొంగపనికి ఇంత బహిరంగమైన దారిని ఎవడూ ఎంచుకోడు. ఈ సంగతి తనిఖీ చేసేవారికీ, బండి నడిపేవారికీ ఇద్దరికీ తెలియాలంటే కాగితం కావాలి. అది తెలుగులో ఉండాలి.

కాగితంలో ఏమి ఉండాలో కూడా చెప్తాను. బయటి నుంచి వచ్చే చాలా సెట్లలో 40 ఛానెళ్లు ఉంటాయి. మన బ్యాండ్ 27.283 దగ్గర ఆగిపోతుంది కాబట్టి మొదటి 27 ఛానెళ్లే అందులో పడతాయి. 28 నుంచి పైవి నొక్కితే లైసెన్స్ మినహాయింపు దాటిపోయినట్టే. ఈ ఒక్క ముక్క తెలియక నిజాయితీగా బతికే డ్రైవరు కేసులో ఇరుక్కోవచ్చు. సెట్టుకు టెలికాం శాఖ ఇచ్చే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ (ఆ రకం పరికరానికి ఆమోదం) ఉండాలా, క్యాబిన్ బయట యాంటెనా బిగిస్తే మినహాయింపు వర్తిస్తుందా, ఎంత పొడవు వరకు పెట్టొచ్చు అన్నవి అధికారులు సూటిగా రాసివ్వాలి. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఆన్‌లైన్‌లో వాకీటాకీల అమ్మకాల మీద మార్గదర్శకాలు తెచ్చింది. అమ్మేవాళ్లకు చెప్పినట్టే, కొని బండికి బిగించుకునేవాళ్లకూ చెప్పాలి కదా.

అనుమతి ఒక్కటే సరిపోదు, బిగించే పని కూడా తెలియాలి. మన దగ్గర తిరిగే పాత లారీల్లో చాలా క్యాబిన్లు బాడీ షెడ్లలో కట్టించినవి. లోపల కట్టె చట్రం, పైన రేకు, దాని మీద పొరలు పొరలుగా పెయింటు, కింద తుప్పు. యాంటెనా కడ్డీ సగమే, దాని కింద ఉండే లోహం మిగతా సగం. కట్టె మీదనో, పెయింటు మీదనో బిగిస్తే ఒంటికాలి మీద నిలబెట్టినట్టే, మాట పోదు. బిగించే చోట పెయింటు గీకి రేకు తేలాలి. ఆ రేకు నుంచి ఛాసిస్‌కు మందపాటి రాగి పట్టీ వేయాలి. ఈ బ్యాండ్ అల పొడవు సుమారు 11 మీటర్లు. అందులో పావు వంతు, అంటే దాదాపు 2.75 మీటర్ల కడ్డీ ఉంటే మేలు. అంతది లారీ మీద కుదరదు కాబట్టి కాయిల్ చుట్టిన పొట్టి యాంటెనా వాడతారు. బిగించాక ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (పంపిన పవర్‌లో ఎంత యాంటెనా నుంచి వెనక్కి వస్తుందో తెలిపేది) పెట్టి చూడకుండా మైక్ నొక్కకూడదు. 1.5 లోపు ఉంటే బాగుంది. 3 దాటితే పంపిన పవర్‌లో చాలా భాగం వెనక్కి తిరిగి సెట్టే కాలిపోవచ్చు. మొదటి ఛానెల్‌లో రీడింగ్ ఎక్కువగా, 27లో తక్కువగా వస్తే కడ్డీ పొట్టి అని అర్థం. అటూ ఇటూ తారుమారైతే పొడవు తగ్గించాలి.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. లారీలో 24 వోల్టులు ఉంటాయి, ఎక్కువ సెట్లు 12 వోల్టులవి. చాలామంది రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే తీగ లాగేస్తారు. ఆ బ్యాటరీ అరిగిపోతుంది, రెండోది అతిగా ఛార్జ్ అవుతుంది, కొన్నాళ్లకు రెండూ పోతాయి. 24 నుంచి 12కు తగ్గించే కన్వర్టర్ పెట్టాలి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. అన్నిటికన్నా నాకు దిగులు పుట్టించేది కరెంటు తీగలు. గడ్డి లోడు లారీలకు ఊళ్లలో కిందికి జారిన తీగలు తగిలి ప్రాణాలు పోయిన వార్తలు మీ పత్రికలోనే చదివాం. నెత్తిన నిలువుగా ఉండే కడ్డీకి తీగ తగిలితే ఆ కరెంటు కేబుల్ వెంట డ్రైవరు చేతిలోని మైక్ దాకా వస్తుంది. అందుకే అద్దం బ్రాకెట్‌కు బిగించి, కొన క్యారియర్ ఎత్తు దాటకుండా, ఊళ్లోకి వచ్చేటప్పుడు మడిచేలా ఉండాలి. నడిపేటప్పుడు మాట్లాడే పని క్లీనరుదే కావాలి.

2021 నవంబరు వరదల్లో నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద జాతీయ రహదారి కోసుకుపోయినప్పుడు లారీలు బారులు తీరి నిలిచిపోయాయి. ముందు ఏం జరిగిందో వెనకున్న బండికి తెలిసే దారి లేదు. చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలతో కృష్ణపట్నం పోర్టుకు పోయే బండ్లకు తుపాను రోజుల్లో ఈ కష్టం ఎప్పుడైనా రావచ్చు.

కాబట్టి ఒంగోలు, నెల్లూరు రవాణా శాఖ అధికారులు టెలికాం శాఖతో మాట్లాడి ఒక పేజీ తెలుగు వివరణ తెప్పించాలి. దాన్ని పోలీసు, అటవీ చెక్‌పోస్టులకూ, లారీ యజమానుల సంఘాలకూ పంపాలి. ఘాట్‌కు రెండు వైపులా ఉన్న చెక్‌పోస్టుల్లో ఒక్కో సెట్టు పెట్టి, అది ఏ ఛానెల్‌లో వింటుందో రోడ్డు పక్క బోర్డు మీద రాయాలి. అమెరికాలో ఆపద కబుర్లకు వాడే 9వ ఛానెల్, 27.065 మెగాహెర్ట్జ్, మన బ్యాండ్‌లోనే ఉంది. దాన్నే ఇక్కడ కూడా పెట్టొచ్చు.

ఇట్లు,
లారీల వైరింగ్ పని చేసే ఒక పాఠకుడు,
పొదిలి.